పసిబిడ్డల ప్రత్యేక విద్య: టీచర్లు పని నేర్చుకున్న చరిత్ర



మూడేళ్లు నిండినా మాట రాని బిడ్డ, నాలుగేళ్లు వచ్చినా అన్నం ముద్ద నోటికి చేర్చుకోలేని బిడ్డ, పేరు పెట్టి పిలిచినా తల తిప్పని బిడ్డ. ఇలాంటి బిడ్డ ఒక్కరైనా లేని ఊరు అరుదు. మా హోసూరు వైపు పల్లెల్లో తల్లి అలాంటి బిడ్డను మొదట గుడికి తీసుకుపోతుంది, తర్వాత ఆస్పత్రికి, ఆ తర్వాత బాల్వాడీకి. బాల్వాడీ టీచరమ్మ ఏమైనా చేయగలదా అన్నది ఆ తల్లి మనసులోని ప్రశ్న. ఆ టీచరమ్మకు ఆ పని ఎవరు నేర్పారు, ఎలా నేర్పారు అన్నది నా ప్రశ్న.

నేను ప్రత్యేక విద్యలో పట్టా పుచ్చుకున్నదాన్ని కాను. బి.ఇడి. చదివి, అటు తమిళంలోనూ ఇటు తెలుగులోనూ పాఠం చెప్పుకునే మామూలు టీచరుని. శిక్షణ శిబిరాలకు మాత్రం చాలాసార్లు వెళ్లాను. పొద్దున సంతకం, పదకొండింటికి టీ, మధ్యాహ్నం పులిహోర పొట్లం, సాయంత్రం సంచిలో ఒక పుస్తకం. ఆ పుస్తకాల్లో నేను మళ్లీ తెరిచినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తప్పు పుస్తకాలది కాదు. మరి ఎక్కడుంది? దీన్ని వెతుక్కుంటూ వెనక్కి పోతే రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర కనబడింది. ఈ పూట ఆ చరిత్రే మీతో పంచుకుంటాను.

ఇది మొదలయ్యేది ఫ్రాన్సు దేశంలో. 1800లో దక్షిణ ఫ్రాన్సులోని అవేరాన్ ప్రాంతంలో, అడవుల్లో ఒంటరిగా తిరుగుతున్న ఒక కుర్రవాడు జనానికి చిక్కాడు. వయసు పదకొండో పన్నెండో ఉంటుంది. మాట లేదు. ఒంటి మీద బట్ట నిలవనీయడు. అతణ్ణి పారిస్‌లోని బధిరుల పాఠశాలకు చేర్చారు. ఆనాటి పేరుమోసిన వైద్యుడు పినెల్ పరీక్షించి, వీడికి పుట్టుకతోనే బుద్ధి లేదు, చదువు చెప్పడం వృథా అని తేల్చాడు. ఆ పాఠశాలలోనే పనిచేస్తున్న ఇటార్ అనే 26 ఏళ్ల కుర్ర డాక్టరు ఆ మాట ఒప్పుకోలేదు. పిల్లవాడికి విక్టర్ అని పేరు పెట్టి, ఐదారేళ్లు దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పాడు. ఏం చేశాడో, ఏది పారిందో, ఏది పారలేదో 1801లో ఒకసారి, 1806లో ఒకసారి నివేదిక రాశాడు. ప్రత్యేక విద్యకు అవే తొలి పుస్తకాలని చెప్పుకోవచ్చు.

ఆ నివేదికల్లో నాకు బాగా నచ్చింది పాల సంగతి. పాలు చూపించి, ఫ్రెంచి భాషలో పాలకున్న మాటను విక్టర్ చేత పలికించాలని ఇటార్ ఎంతో శ్రమపడ్డాడు. కుర్రవాడు చివరికి పలికాడు. కానీ పాలు గిన్నెలో పోశాక సంతోషంతో పలికాడు గానీ, పాలు కావాలని అడగడానికి పలకలేదు. ఇటార్ నిరాశపడ్డాడు. ఆ తర్వాత లోహపు అక్షరాలు తెచ్చి, ఆ మాటలోని నాలుగు అక్షరాలను వరసగా పేర్చడం నేర్పాడు. వారం రోజులు గడిచాయి. ఒకనాడు షికారుకు బయలుదేరేటప్పుడు విక్టర్ తనంతట తానే ఆ నాలుగు అక్షరాలనూ జేబులో వేసుకున్నాడు. రోజూ పాలు పోసే ఇంటికి చేరగానే వాటిని తీసి బల్ల మీద వరసగా పేర్చి చూపించాడు. పాఠశాలలో నేర్చింది పాలున్న ఇంటిదాకా వెళ్లింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా పెద్ద పండుగ ఉండదు.

అయితే ఆ కథలో ఇంకో మనిషి ఉంది. పేరు మదాం గెరాన్. పాఠశాలలో విక్టర్‌ను చూసుకునేందుకు పెట్టిన మనిషి. అన్నం పెట్టడం, స్నానం చేయించడం, షికారు తిప్పడం అన్నీ ఆమెవే. ఆమె మాటిమాటికీ అనే 'ఓ దేవుడా' అన్న మాటను విక్టర్ ఎవరూ నేర్పకుండానే పట్టుకున్నాడు. భోజనాల బల్ల సర్దడం ఆమె ఇంట్లోనే అలవాటయింది. ఆమె భర్త చనిపోయిన కొద్దికాలానికే విక్టర్ అలవాటుగా ఆయన పళ్లెం కూడా బల్ల మీద పెట్టాడు. ఆమె ఏడవడం చూసి, ఆ పళ్లెం తీసి లోపల పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడూ అది బల్ల మీద పెట్టలేదు. దీన్ని రాసింది ఇటారే. బుద్ధి లేదన్న కుర్రవాడు మరి! ఇటార్ పాఠాలు ఆపేశాక కూడా విక్టర్ ఆమె దగ్గరే ఉండి, 1828లో చనిపోయాడు. పేరు డాక్టరుకు వచ్చింది. ఆమెను ఉపాధ్యాయిని అని ఆ రోజుల్లో ఎవరూ అనలేదు.

ఇటార్ వయసు మళ్లాక, జబ్బుతో ఉండగా, సెగాన్ అనే యువకుడు ఆయన దగ్గర చేరాడు. ఎదుగుదల లేని ఒక పిల్లవాడికి చదువు చెప్పే పని వచ్చింది. ఇటార్‌కు ఓపిక లేదు. సెగాన్ పిల్లవాడితో కూర్చున్నాడు, ఇటార్ దారి చూపాడు. 1838లో ఇటార్ మరణించేదాకా ఇలా సాగింది. ఒక పిల్లవాడు, ఒక నేర్పేవాడు, ఆ నేర్పేవాణ్ణి గమనించి సరిదిద్దే పెద్ద. ముగ్గురూ కలిసిన ఈ ఏర్పాటును గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం. సెగాన్ తర్వాత పారిస్ ఆస్పత్రుల్లో అలాంటి పిల్లలకు తరగతులు నడిపాడు, 1846లో పెద్ద గ్రంథం రాశాడు, 1848 విప్లవం తర్వాత అమెరికా వెళ్లిపోయాడు. ముందు ఒళ్లు, తర్వాత చేయి, కన్ను, ఆపైన మాట, ఆపైన ఆలోచన. ఇదీ ఆయన వరస. గుండ్రం, చతురస్రం, నక్షత్రం ఆకారాల చెక్కలను అవే ఆకారాల గుంటల్లో అమర్చే పలక ఒకటి ఆయన పేరు మీద ఉంది. మన ఊళ్లలో పిల్లవాణ్ణి పరీక్ష చేయించడానికి తీసుకువెళ్లినవాళ్లు ఆ పలకను చూసే ఉంటారు.

సెగాన్ పుస్తకాలు పాతబడి మూలన పడ్డాయి. వాటిని వెలికి తీసింది ఇటలీలో ఒక యువతి, డాక్టర్ మరియా మాంటిస్సోరి. 1896లో వైద్యంలో పట్టా తీసుకొని, రోము నగరపు పిచ్చాసుపత్రుల్లో పెద్దవాళ్ల మధ్య పడేసి ఉంచిన పిల్లలను చూసింది. వీళ్లకు కావలసింది మందు కాదు, చదువు అని ఆమె వాదించింది. 1900లో రోములో ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులను తయారుచేసేందుకే ఒక పాఠశాల తెరిచారు. దాని బాధ్యత ఆమెకూ, మాంటెసానో అనే మరో వైద్యుడికీ అప్పగించారు. ఉపాధ్యాయుల పాఠశాలకు ఆనుకొనే పిల్లల తరగతి కూడా ఉండేది. వచ్చిన ఉపాధ్యాయులు వినేదీ అక్కడే, చూసేదీ అక్కడే, చేసేదీ అక్కడే.

మాంటిస్సోరి స్వయంగా ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా పిల్లలతో ఉండేదాన్నని రాసుకుంది. ఆ రెండేళ్ల అనుభవమే బోధనలో తన మొదటి, అసలైన పట్టా అని కూడా అంది. ఇటార్, సెగాన్ పుస్తకాలను ఆదినుంచి తుదిదాకా తన చేత్తో ఇటాలియనులోకి రాసుకుంది. అచ్చు వేయడానికి కాదు, ప్రతి మాటా తూచి చదవడానికి. ఇవాళ మనం సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకొని, చదివేశామని అనుకుంటాం. సరే, అది వేరే మాట.

1907లో రోములోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె మామూలు పిల్లలకు బడి పెట్టింది. వైకల్యం ఉన్న పిల్లల కోసం పుట్టిన సామగ్రి అక్కడ మామూలు పిల్లలకు చేరింది. ప్రపంచమంతా ఆమె పేరు మోగింది. అక్కడి నుంచి ఈ కథ మన మద్రాసుకు వస్తుంది.

1939 చివర్లో, దివ్యజ్ఞాన సమాజం వారి పిలుపు మీద మాంటిస్సోరి కొడుకు మారియోతో కలిసి అడయారుకు వచ్చింది. అప్పటికి ఆమెకు 69 ఏళ్లు. ఆ తొలి శిక్షణకు దాదాపు 300 మంది ఉపాధ్యాయులు చేరారు. ఆమె ఇటాలియనులో చెప్పడం, మారియో ఇంగ్లీషులోకి మార్చడం, ఇదీ పద్ధతి. కొద్ది నెలలకని వచ్చిన మనిషి యుద్ధం వల్ల ఇక్కడే చిక్కుపడిపోయింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిషు ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమె 70వ పుట్టినరోజుకు విడిచిపెట్టింది. ఆ తర్వాత కొడైకెనాల్‌లో కొన్నేళ్లు ఉంది. 1946లో వెళ్లిపోయి, మళ్లీ 1947లో వచ్చి 1949 దాకా ఇక్కడ పనిచేసింది. ఆమె మన దేశంలో శిక్షణ ఇచ్చినవాళ్లు వెయ్యికి పైమాటే. పిల్లలను చూస్తూ మౌనంగా కూర్చొని రాసుకోవడం, సామగ్రిని మళ్లీ మళ్లీ చేతబట్టి సాధన చేయడం ఆ శిక్షణలో ముఖ్యభాగం.

ఇక్కడ నాకొక బాధ ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇవాళ మన పట్నాల్లో మాంటిస్సోరి అని బోర్డు కనిపిస్తే అది ఎక్కువగా ఫీజు ఎక్కువ ఉన్న ఇంగ్లీషు మీడియం బడి. ఆ చెక్కబొమ్మలు, ఆ గరుకు అక్షరాలు ఏ పిల్లల కోసం మొదట ఆలోచించారో ఆ పిల్లలకు అలాంటి చాలా బడుల్లో అడ్మిషన్ దొరకదు. సామగ్రి వచ్చింది, సామగ్రి పుట్టిన కారణం దారిలో జారిపోయింది.

మాంటిస్సోరి అడయారుకు వచ్చిన ఆ 1939లోనే అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక విచిత్రమైన పరిశోధన అచ్చయింది. స్కీల్స్ అనే మనస్తత్వవేత్త చేసిన పని అది. అనాథాశ్రమం కిక్కిరిసిపోయి ఉంటే, ఎదుగుదల లేని ఇద్దరు ఆడ శిశువులను, మేధో వైకల్యం ఉన్న పెద్ద ఆడవాళ్లు ఉండే సంస్థకు పంపారు. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆ శిశువులు కళకళలాడుతున్నారు. అక్కడి ఆడవాళ్లు వాళ్లను ఎత్తుకుని తిప్పారు, ఆడించారు, పోటీపడి మురిపించారు. స్కీల్స్ ఆ తర్వాత ఇలా పంపిన 13 మంది పిల్లలను, అనాథాశ్రమంలోనే ఉండిపోయిన 12 మందితో పోల్చి చూశాడు. వెళ్లినవాళ్ల తెలివి పరీక్షల అంకెలు సగటున 27 పాయింట్లకు పైగా పెరిగాయి. ఉండిపోయినవాళ్లవి సగటున 26 పడిపోయాయి. 1966లో వాళ్లు పెద్దవాళ్లయ్యాక మళ్లీ వెతికితే, మొదటి 13 మందీ సొంత కాళ్ల మీద బతుకుతున్నారు.

ఈ పరిశోధన మీద ఆ రోజుల్లో పెద్ద దుమారం రేగింది. చిన్న సంఖ్య, లోపాలున్న పద్ధతి. ఇలాంటి ప్రయోగాన్ని ఇవాళ ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అయినా పసితనంలో దొరికిన దగ్గరితనం ఎంత పని చేస్తుందో తేలింది. మదాం గెరాన్ వంటిల్లు ఇక్కడ లెక్కలతో సహా మళ్లీ కనబడింది.

1968లో అమెరికా ప్రభుత్వం వైకల్యం ఉన్న పసిపిల్లల విద్యకు నమూనా కార్యక్రమాలు నడపడానికి డబ్బిస్తూ చట్టం చేసింది. ఆ డబ్బుతో 1969లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోర్టేజ్ అనే చిన్న ఊళ్లో ఒక పని మొదలైంది. చుట్టూ పల్లెలు, ఇళ్లు దూరదూరంగా. ఒక చోట బడి పెట్టినా పిల్లలు రాలేరు. అందుకని టీచరునే వారానికోసారి ఇంటికి పంపారు. ఈ పద్ధతిని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన పల్లెలకు ఇది దగ్గరిది.

టీచరు ఇంటికి వచ్చి గంటన్నర ఉంటుంది. వారంలో సాధించగలిగే ఒక చిన్న పని ఎంచుకుంటుంది. చెప్పు విప్పడం అనుకోండి. ముందు పిల్లవాడు ఇప్పుడు ఎంతవరకు చేయగలడో చూసి అంకె వేస్తుంది. తర్వాత తాను చేసి చూపిస్తుంది. అప్పుడు తల్లిని చేయమంటుంది, తాను చూస్తుంది. తల్లి చేసేటప్పుడు పొరపాటు జరిగితే అక్కడికక్కడే సరిచేస్తుంది. ఒక కాగితం మీద ఏం చేయాలో, రోజుకెన్నిసార్లో, ఎలా గుర్తు పెట్టాలో రాసి ఇస్తుంది. తర్వాతి వారం వచ్చి మళ్లీ అంకె వేస్తుంది. పారితే ముందుకు. పారకపోతే తప్పు పిల్లవాడిది కాదు, ఎంచుకున్న మెట్టు ఎత్తు ఎక్కువైందని అర్థం. మెట్టును రెండుగా కోస్తారు. పుట్టుక నుంచి ఆరేళ్ల వరకు ఇలాంటి 580 పనుల పట్టిక వాళ్లు తయారు చేశారు. అది ఎన్నో దేశాల భాషల్లోకి వెళ్లింది, మన దేశానికీ వచ్చింది. ఎనిమిది నెలల్లో పిల్లలు సగటున 13 నెలల ఎదుగుదల చూపారని నిర్వాహకులు 1972లో రాశారు. తమ పని గురించి తామే ఇచ్చుకున్న లెక్క కాబట్టి కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. కానీ ప్రతి వారం అంకె వేయడం అన్న అలవాటు మాత్రం ఆ తర్వాత ఈ వృత్తిని వదల్లేదు.

అదే 1969లో మన మద్రాసులో బాలవిద్యాలయ అనే బడి మొదలైంది. వినికిడి లేని పసిపిల్లలకు మాట నేర్పే బడి. ఈనాడు అది ఉన్నది కూడా అడయారులోనే. పిల్లవాడితో పాటు తల్లి కూడా బడికి వస్తుంది, టీచరు చేసేది చూస్తుంది, తాను చేస్తుంది. అక్కడే ఈ పిల్లల టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ కూడా ఉంది. పోర్టేజ్‌లో టీచరు ఇంటికి వెళ్తే, ఇక్కడ తల్లి బడికి వచ్చింది. 1989లో చెన్నైలోనే మధురం నారాయణన్ కేంద్రం మేధో వైకల్యం ఉన్న పసిపిల్లల కోసం తల్లితో పాటే పాఠం అన్న పద్ధతిలో 'ఉపనయన్' అనే పాఠ్యక్రమాన్ని నడిపింది. మనవాళ్లకు ఏమీ తెలియదు, అన్నీ అక్కడి నుంచే రావాలి అని అనుకునేవాళ్లకు ఈ రెండు పేర్లూ చెప్పాలనిపిస్తుంది.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు వద్దాం. టీచరుకు నేర్పడం ఎలా? ఇటార్ సెగాన్‌కు నేర్పినట్టు పక్కన కూర్చొని నేర్పడమా, హాలులో కూర్చోబెట్టి ఉపన్యాసమా? 1980 ప్రాంతంలో అమెరికాలో జాయిస్, షవర్స్ అనే ఇద్దరు విద్యావేత్తలు టీచర్ల శిక్షణ మీద అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ కూర్చారు. సిద్ధాంతం చెప్పడం, చేసి చూపించడం, శిక్షణ గదిలో సాధన చేయించడం, ఎలా చేశారో చెప్పడం, ఆ తర్వాత సొంత తరగతిలో తోడుండి దిద్దడం అని మెట్లు విడదీశారు. చివరి మెట్టు లేకపోతే నేర్చింది శిక్షణ గదిలోనే ఉండిపోతుంది అన్నారు. తోడు లేకుండా శిక్షణ పొందినవాళ్లలో నూటికి ఐదుగురే కొత్త పద్ధతిని తరగతిలో వాడతారని, తోడు ఉంటే 95 మంది వాడతారని వాళ్ల 2002 నాటి పుస్తకంలో ఒక పట్టిక ఉంది. శిక్షణల్లో ఈ అంకెలను తెర మీద వేసి తెగ చూపిస్తారు. అవి రచయితల అంచనాలు. ఒక్కొక్కరిని లెక్కించి తేల్చినవి కావు. నేను వాటిని అక్షరాలా నమ్మను.

నమ్మదగ్గ లెక్కలు తర్వాత వచ్చాయి. 2018లో అమెరికాలో క్రాఫ్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు, టీచరుకు తరగతిలో తోడుండి నేర్పే పద్ధతి మీద జరిగిన 60 అధ్యయనాలను కలిపి చూశారు. టీచరు పాఠం చెప్పే తీరు స్పష్టంగా మెరుగైంది. పిల్లల చదువు కూడా మెరుగైంది గానీ, అంత కాదు. ఇంకొకటి కూడా కనబడింది, దాన్ని చాలామంది చెప్పరు. కొద్దిమంది టీచర్లతో నడిపినప్పుడు వచ్చిన ఫలితం, వందల మందికి పెంచేసరికి సగానికి పడిపోతోంది. తోడుండే మనిషి మంచిదైతేనే తోడు. సంఖ్య కోసం నియమించిన మనిషి ఇంకో ఇన్‌స్పెక్టరు అవుతాడు.

అదే 2018లో స్నైడర్ అనే ఆచార్యురాలి బృందం వైకల్యం ఉన్న పిల్లలున్న ప్రీస్కూలు తరగతుల్లో 36 మంది టీచర్లతో చేసిన పరిశోధన అచ్చయింది. కొందరికి శిక్షణతో పాటు తరగతికి వచ్చే తోడు, కొందరికి శిక్షణతో పాటు తమంతట తాము కంప్యూటరులో చూసుకునే సామగ్రి, మిగిలినవాళ్లకు మామూలుగా జరిగేదే. తోడు వచ్చిన టీచర్లే నేర్చుకున్న పద్ధతిని తరగతిలో ఎక్కువగా, సరిగ్గా వాడారు.

ఆ పద్ధతి ఏమిటో మన బాల్వాడీకి తెచ్చి చెబుతాను. పిల్లవాడు అడగడం నేర్చుకోవాలి అనుకుందాం. దానికి వేరే గది, వేరే పీరియడు అక్కర్లేదు. సత్తుమావు ఉండలు పంచేటప్పుడు టీచరమ్మ ఆ పిల్లవాడి ముందు ఉండ పట్టుకొని, ఇవ్వకుండా, మాట్లాడకుండా మనసులో ఐదు లెక్కపెడుతుంది. పిల్లవాడు చేయి చాపినా, చూసినా, చిన్న శబ్దం చేసినా వెంటనే ఇస్తుంది, ఆ మాట తాను పలుకుతుంది. ఏమీ చేయకపోతే చేయి పట్టి చూపించి, అప్పుడు ఇస్తుంది. వినడానికి ఎంత సులువు! చేయడానికి చాలా కష్టం. మనకు ఐదు లెక్కపెట్టే ఓపిక ఉండదు. రెండు దాకా వచ్చేసరికి, అయ్యో పాపం అని ఇచ్చేస్తాం. తోడు వచ్చిన మనిషి మూలన కూర్చొని గీతలు గీస్తుంది. ఎన్నిసార్లు అవకాశం వచ్చింది, ఎన్నిసార్లు ఆగారు, పిల్లవాడు ఎన్నిసార్లు అడిగాడు. పిల్లలు వెళ్లాక ఇద్దరూ ఆ గీతలు చూసుకుంటారు. పన్నెండింటిలో మూడుసార్లే ఆగాను అని టీచరమ్మకే తెలుస్తుంది. తిట్టాల్సిన పని లేదు. వచ్చే వారానికి ఆరుసార్లు అని ఒప్పందం చేసుకుంటారు.

మన దేశంలో ఏర్పాట్లు లేవని కాదు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీ పథకం 33 బ్లాకుల్లో మొదలైంది. 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. దానికి తర్వాత పేరు మారింది. 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. పట్టా, రిజిస్ట్రేషను లేనిదే ప్రత్యేక ఉపాధ్యాయులుగా పనిచేయకూడదని అది నియమం పెట్టింది. పసిపిల్లల ప్రత్యేక విద్యకు విడిగా డిప్లొమా వచ్చింది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ, అంగన్‌వాడీల్లో వికలాంగ బాలలను గుర్తించి, చేర్చుకొని, పై వైద్యానికి పంపే విధానాన్ని విడుదల చేసింది. కార్యకర్తలకు శిక్షణ కూడా పెట్టారు. పై నుంచి కిందికి, ఒకరు పదిమందికి, ఆ పదిమంది వందమందికి చెప్పే పద్ధతిలో, కొన్ని రోజుల శిక్షణ. ఆ కొన్ని రోజులు దండగ అనను. ఎదుగుదలలో తేడాను గుర్తించడానికి అవి పనికొస్తాయి. గుర్తించాక చేయవలసిన పని మాత్రం నాలుగో రోజు నుంచి మొదలవుతుంది. ఆ రోజు టీచరమ్మ పక్కన ఎవరుంటారు? సూపర్‌వైజరమ్మ వస్తుంది, రిజిస్టర్లు చూస్తుంది, బరువుల పట్టిక చూస్తుంది, ఫోనులో ఎక్కించారా అని అడుగుతుంది. మూలన కూర్చొని గీతలు గీసే తీరిక ఆమెకూ ఎవరూ ఇవ్వలేదు.

ఇక మన సరిహద్దు వాళ్ల సంగతి. పైన చెప్పిన పాఠాలన్నీ ఒక భాషలో జరుగుతాయి. ఆ తల్లి ఇంకో భాషలో బతుకుతుంది. కోలారులో, బళ్లారిలో, బరంపురంలో, సిరోంచాలో ఇదే పరిస్థితి. మా పల్లెలో ఒక తల్లికి మూడున్నరేళ్ల కొడుకు. డౌన్ సిండ్రోమ్ అన్నారు. పరీక్ష చేసిన చోట, ఇలాంటి బిడ్డకు రెండు భాషలు బరువైపోతాయి, ఇంట్లో కూడా తమిళమే మాట్లాడండి అని చెప్పి పంపారు. ఆమెకు వచ్చిన తమిళం సంతలో బేరమాడేంత. పెద్దవాళ్లు చెప్పారు కదా అని తెలుగు మానేసింది. తమిళం రాదు. ఏడెనిమిది నెలలు బిడ్డతో దాదాపు మాట్లాడకుండా గడిపింది. జోలపాట కూడా మానేశానక్కా అని ఆమె చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఆ సలహాకు ఆధారం ఉందా? 2005లో కెనడాలో కే రెయినింగ్ బర్డ్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో రెండు భాషల ఇళ్ల పిల్లలను, ఒకే భాష ఇళ్ల పిల్లలతో పోల్చారు. రెండు భాషలు వినడం వల్ల మొదటి భాషకు నష్టం జరిగిన జాడ కనబడలేదు. పిల్లల సంఖ్య తక్కువే, నిజమే. తర్వాత ఆటిజం ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనాలు కూడా రెండో భాష వల్ల హాని చూపలేదు. ఈ సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల శిక్షణలో ఈ పాఠం లేదు, లేదా వాళ్ల శిక్షణ ఎన్నో ఏళ్ల క్రితం పూర్తయింది. ఆధారం అచ్చవడానికీ, మన గడప దాకా రావడానికీ మధ్య ఇరవై ఏళ్లు పడుతోంది. ఆ ఇరవై ఏళ్లలో బిడ్డ బిడ్డగా ఉండడు.

ఇప్పుడా ఇంటికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని వారానికోసారి వస్తోంది. తమిళ అమ్మాయి, తెలుగు రాదు. మొదటి రోజే ఆ తల్లిని అక్కా అని పిలిచి, మీరు బిడ్డతో ఏమేం అంటారో నాకు చెప్పండి అని పక్కన కూర్చుంది. నేను మధ్యలో అటూ ఇటూ చెప్పాను. బువ్వ, నీళ్లు, దా, చాలు, ఏదీ చూపించు, అదిగో కోడి. తమిళ అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకుంది. రెండో వారం వచ్చి, వాటినే పిల్లవాడితో పలికింది. ఆమె 'చాలు' అన్న తీరుకు తల్లి పకపకా నవ్వింది, దిద్దింది. ఆ తర్వాత తల్లి చేతికి గిన్నె ఇచ్చి, ఐదు లెక్కపెట్టమని చెప్పి, తాను గోడకు చేరబడి గీతలు గీయడం మొదలుపెట్టింది. నిన్నటి కాగితం నేను చూశాను. పదిసార్లలో నాలుగుసార్లు పిల్లవాడు గిన్నె వైపు చేయి చాపాడు. ఒకసారి 'బూ' అన్నాడని పక్కన రాసి, రెండు గీతలు కొట్టి ఉంది.